తర్రెం పొలిమేర: గీత గీయు చేయి ఎవరిది?

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి కరువు భత్యము, పింఛను, ఖాళీల భర్తీ గూర్చి చాల చర్చ జరిగినది. సాయంకాలపు వేళ మాకు అప్పగించిన విషయము భూమి. రైలుపట్టాకును, తపాలా సంచికిని భూమితో ఏమి పని యని కొందరు మిత్రులు టీ సమయమున మమ్ము అడిగినారు. అడుగుట న్యాయమే. జవాబును మాత్రము కొంచెము దూరమునుండి, బస్తరు దక్షిణపు కొసనున్న తర్రెం అను ఊరినుండి తేవలసియున్నది. అక్కడికి పోవుటకు ముందు దారిలో కామారెడ్డి వద్ద దిగుదము.

2022 సంవత్సరాంతమున కామారెడ్డి పురపాలక సంఘపు మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినది. పట్టణములో కలిసిన ఊళ్ళ పొలములు, అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్ వంటి గ్రామముల పొలములు, ఆ పటములో కొన్ని పారిశ్రామిక జోన్ లోనికిని, కొన్ని గ్రీన్ జోన్ లోనికిని, కొన్ని రాబోవు రహదారుల క్రిందికిని పోయినవి. రైతు తన మడిలో నారు పోయుచుండగనే కాగితముపై ఆ మడి మరొకటి అయిపోయినది. 2023 జనవరి మొదటి వారములో అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకరు ఆత్మహత్య చేసికొన్నారు. మరునాడు రైతులు కలెక్టరు కార్యాలయమును ముట్టడించినారు. ఆ జనవరి 20వ తేదీన పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దు చేయవలెనని తీర్మానించినది. జగిత్యాలలో కూడ అదే దినములలో మాస్టర్ ప్లాన్‌ను వెనుకకు తీసికొనక తప్పలేదు.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. పారిశ్రామిక జోన్‌లో పడిన రైతు నా పొలము పోవుచున్నదని ఏడ్చినాడు. గ్రీన్ జోన్‌లో పడిన రైతు నా పొలము పొలముగనే మిగిలిపోవుచున్నది, ఇక దీనికి ధర రాదు, బిడ్డ పెండ్లికి గుంట అమ్ముదమన్నను కొనువాడుండడని ఏడ్చినాడు. పత్రికలలో కొందరు దీనిని చూచి రైతునకు ఏది కావలెనో రైతునకే తెలియదని వ్రాసినారు. మేము ఆ మాటను ఒప్పుకొనజాలము. ఇద్దరి ఫిర్యాదు ఒక్కటే. గీత గీయునపుడు మమ్ము పిలువలేదేమి యనుటయే ఆ ఫిర్యాదు.

మరియొక మాట కూడ దాచకుండ చెప్పుకొనవలెను. ఇటువంటి పట్టణముల చుట్టు మాగాణి భూములను ప్లాట్లుగా కొన్నవారిలో మనము లేమా? పదవీ విరమణ తరువాత తల దాచుకొనుటకు రెండు వందల గజములు కావలెనని మనలో ఎందరు వాయిదాలు కట్టలేదు? మన గృహనిర్మాణ సహకార సంఘములు కొన్న భూములలో నిన్నటి వరిచేలు ఎన్ని? మేమును ఆ కోవలోని వారమే. కనుక భూమిని గూర్చి బోధించు పెద్దరికము మాకు లేదు. లెక్కలో మన వంతు కూడ వేసికొని మాటలాడుదమని మాత్రమే మా మనవి.

పొలమును పొలముగా నిలుపుటకు చట్టము చేయుట లోకములో కొత్త కాదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రము 1973లో ఒక శాసనము చేసి, ప్రతి పట్టణము చుట్టును ఒక హద్దు గీయవలెనని, ఆ హద్దునకు వెలుపలి సాగుభూమిని సాగునకే కేటాయింపవలెనని నిర్ణయించినది. అదే ఏట కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తన వ్యవసాయ భూములను ప్రత్యేక నిల్వగా ప్రకటించినది. ఓరెగాన్‌లో తరువాత భూయజమానులు ఎదురు తిరిగినారు. ధర పడిపోయినందుకు నష్టపరిహారమైనను ఈయవలెను, ఆంక్షయైనను ఎత్తివేయవలెనని 2004లో ఓటింగు ద్వారా ఒక చట్టము తెచ్చినారు. మూడేండ్లకే, 2007లో, మరల ఓటింగు జరిపి దానికి కళ్ళెము వేసినారు. మన హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల పరీవాహక ప్రాంతమైన 84 గ్రామములను కట్టడములనుండి కాపాడుటకు 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చినది. 2022లో మరియొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను ఎత్తివేసినారు. ఒక చోట ప్రజలు ఓటు వేసి గీతను మార్చినారు, మరియొక చోట సచివాలయములో ఒక కాగితము మార్చినది. ఈ తేడాను మనసులో నుంచుకొని తర్రెం పోదము.

తర్రెం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో, బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుండి జగర్‌గుండ పోవు దారిపై నున్నది. 2007లో బీజాపూర్ జిల్లా ఏర్పడక ముందు అది దంతెవాడ జిల్లాలోని ఊరు. అంతకు ముందు అదంతయు ఒక్క బస్తరు జిల్లా. దక్షిణమునకు దిగినచో మన చర్ల, భద్రాచలము వచ్చును. అక్కడి ప్రజలు కోయలు, దోర్లలు. సంతలో గోండి, హిందీలతో పాటు తెలుగు కూడ వినబడును. వర్షము కురిసిన వరి, కురవనిచో ఉపవాసము. గట్లపై ఇప్పచెట్లు, ఇండ్ల నడుమ చింతలు. వేసవి వచ్చిన ఇప్పపువ్వు ఏరుట, తునికాకు కోయుట. ఫలానా ఇప్పచెట్టు ఫలానా ఇంటిదని ఊరందరికి తెలియును. రెవెన్యూ దస్తరములో మాత్రము ఆ చెట్టు ఎవరి పేరను ఉండదు. యంత్రము వచ్చి అర ఎకరము చదును చేసినపుడు పోవునది అర ఎకరపు వరి మాత్రమే కాదు, రెండు మూడు తరములు తిన్న చెట్టు కూడ పోవును. పరిహారపు పట్టికలో దానికి గడి లేదు.

అటువంటి ఊరికి మాస్టర్ ప్లాన్ ఎవరును వేయలేదు. వేయవలసిన పని కూడ లేకపోయినది, ఏలయన గీతలు నూరేండ్ల క్రిందటనే మొదలైనవి. బస్తరు సంస్థానములోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెనని 1905లో బ్రిటిష్ ప్రభుత్వము ప్రతిపాదించినది. పోడు ఆగవలెను, అడవి ఫలములు తీయరాదు, ఊళ్ళు కదలవలెను. 1910లో బస్తరు లేచినది. దానిని భూమ్‌కాల్ అందురు. గుండాధుర్ పేరు నేటికిని అక్కడ ప్రతి నోటను ఉన్నది. తిరుగుబాటును సైన్యముతో అణచినారు గాని, రిజర్వు చేయదలచిన విస్తీర్ణమును ప్రభుత్వము తగ్గింపవలసి వచ్చినది. జోన్ అను ఇంగ్లీషు మాట తెలియని జనము జోన్ పటమును సవరింపజేసిన ఘట్టము మన దేశ చరిత్రలో ఇది. 

స్వాతంత్ర్యము తరువాత బస్తరు అయిదవ షెడ్యూలు ప్రాంతమైనది. 1959 నాటి భూ రెవెన్యూ కోడ్ 165వ సెక్షను ప్రకారము అక్కడ ఆదివాసి భూమిని ఆదివాసేతరునకు అమ్మరాదు. మోసముచే పోయిన భూమిని తిరిగి ఇప్పించుటకు 170-బి సెక్షను కలదు. ఒక విధముగ చూచిన ఇదియే మన దేశములో అన్నిటికంటె పెద్ద వ్యవసాయ పరిరక్షణ మండలము. 1996లో పెసా చట్టము వచ్చి గ్రామసభకు భూమి అన్యాక్రాంతము కాకుండ అడ్డుకొను అధికారమిచ్చినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సాగులో ఉన్న అటవీ భూమిపై హక్కు నిచ్చినది. బడి, ఆసుపత్రి, మంచినీరు, రోడ్డు మున్నగు 13 రకముల ప్రజా సౌకర్యములకు ఒక్కొక్క దానికి ఒక్క హెక్టారునకు లోబడి అటవీ భూమిని ఇయ్యవచ్చును, అదియును గ్రామసభ సిఫారసు చేసిననే యని ఆ చట్టములోనే వ్రాసియున్నది.

కాగితముపై ఇంత బలముండగా తర్రెం పరిసరములలో జరిగినదేమి?

2005 జూన్ తరువాత సల్వా జుడుం పేర ఊళ్ళను ఖాళీ చేయించి జనమును రోడ్డు ప్రక్కన శిబిరములలోనికి తరలించినారు. ఖాళీయైన ఊళ్ళు ఆరు వందలకు పైబడినవని లెక్క చెప్పుదురు. బాసగూడ వంటి సంత ఊరే శూన్యమైనది. తపాలా సోదరులకు ఈ సంగతి ఒక్క మాటలో తెలియును: చిరునామా ఉన్నది, చిరునామాదారు లేడు. పొలములు బీడుపడినవి. 2011 జులై 5న సుప్రీంకోర్టు, అట్లు గ్రామస్థులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలుపుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. జనము మెల్లగా తిరిగివచ్చి గట్లు సరిచేసికొన్నారు. 2012 జూన్ 28 రాత్రి, బాసగూడ ప్రక్కనే సార్కెగూడ వద్ద, విత్తనాల పండుగను గూర్చి మాటలాడుకొనుటకు కూడితిమని చెప్పిన జనముపై కాల్పులు జరిగి 17 మంది గ్రామస్థులు మరణించినారు. న్యాయ విచారణ సంఘము 2019లో ఇచ్చిన నివేదికలో, మృతులు మావోయిస్టులని చెప్పుటకు సాక్ష్యము లేదని తేల్చినది. తొలకరి ముందు, విత్తనము చల్లుటకు ముందు జరిగిన సంగతి ఇది.

2021 ఏప్రిల్ 3న తర్రెం నుండియు, మరికొన్ని శిబిరములనుండియు బయలుదేరిన బలగములపై టేకుల్‌గూడ, జొన్నగూడ ప్రాంతమున మావోయిస్టులు దాడి చేయగా 22 మంది జవానులు మరణించినారు. వారును జీతముపై బ్రదుకు ఉద్యోగులే. నెలకొకసారి మన మనీయార్డరు కిటికీ వద్ద నిలుచు కుటుంబముల బిడ్డలే. ఆ మృత్యువును తక్కువ చేసి మాటలాడు హక్కు మనకు లేదు. మరుసటి నెలలోనే, మే 12న, తర్రెం దాటిన తరువాత వచ్చు సిల్గేర్ వద్ద కొత్త శిబిరము వెలసినది. తెల్లవారి చూచుసరికి తాము సాగుచేయు భూమిలో కంచె కనబడినదని, గ్రామసభ నడుగలేదని ఊరివారు కూర్చున్నారు. మే 17న కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయినారు. తొక్కిసలాటలో గాయపడిన గర్భిణి ఒకరు తరువాత మరణించినారు. గుంపులో మావోయిస్టులు చేరినారని పోలీసులు, కాదని ఊరివారు చెప్పినారు. ప్రభుత్వము మేజిస్ట్రేటు విచారణకు ఆదేశించినది. వందలాది గ్రామస్థులు ఏడాదికి పైగా ఆ దారి ప్రక్కన కూర్చుండిరి.

శిబిరము ఉండవలెనా కూడదా యను వాదములోనికి మేము దిగము. ఆ ప్రాంతములో చాల కాలము మావోయిస్టులు కూడ తమ గీతలు తాము గీసినారు. ఎవరు ఏ భూమి దున్నవలెనో, ఎవరు ఊరిలో ఉండరాదో నిర్ణయించినారు. రెండు వైపుల తుపాకుల నడుమ గ్రామసభ యనునది ఎట్లు కూడవలెను? చెట్టు క్రింద చాప పరచుకొని కూర్చున్నవారు అటు చూచి, ఇటు చూచి, వ్రేలిముద్ర వేయుదురు. ఆ వ్రేలిముద్రను సమ్మతి యనుటకు మా మనసు ఒప్పదు.

తప్పించుకొన్నవారి సంగతి కూడ చెప్పవలెను. జుడుం నాళ్ళలో వేలాది జనము గోదావరి వైపు దిగి నాటి ఖమ్మము జిల్లా అడవులలో గుడిసెలు వేసికొన్నారు. వారినే మనవారు గుత్తికోయలందురు. తెలంగాణలో వారికి షెడ్యూల్డు తెగ గుర్తింపు దొరకలేదు, పట్టా లేదు. పోడు చేసినచో అటవీశాఖతో తగాదా. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ వద్ద విధి నిర్వహణలో నున్న ఫారెస్టు రేంజి అధికారి ఒకరు ఆ తగాదాలో హత్యకు గురియైనారు. ఆయన మనవంటి ఉద్యోగి, ఆయన ఇంటిలో అన్నము ముందు కూర్చొని ఎదురుచూచినవారున్నారు. చేసినవారికి శిక్ష పడినది, పడవలసినదే. తరువాత అక్కడి పంచాయతీ గుత్తికోయలందరిని ఊరు విడిపించవలెనని తీర్మానించినది. ఒక చోట పొలిమేరనుండి నెట్టివేయబడిన జనము మరియొక చోట ఎవరి పొలిమేరలోనో చొరబాటుదారులైనారు. ఈ చిక్కు ఎక్కడ పడినదని వెదుకుచు పోయిన, దారము బాసగూడ, తర్రెం దారికే చేరును.

నిరాశ పడనక్కరలేదు. గీత వెనుకకు జరిగిన సందర్భములు బస్తరులోనే కలవు. లోహండీగూడలో ఉక్కు కర్మాగారము కొరకు 10 గ్రామముల భూమిని 2008 ప్రాంతమున సేకరించినారు. కర్మాగారము రాలేదు, 2016లో కంపెనీ తప్పుకొన్నది. 2019 ఫిబ్రవరిలో 1,707 మంది రైతులకు సుమారు 1,764 హెక్టారుల భూమిని తిరిగి ఇచ్చినారు. 2013 నాటి భూసేకరణ చట్టములో, అయిదేండ్లు వాడని భూమిని తిరిగి ఈయవచ్చునని యుండుట దానికి ఆధారమైనది. 2017 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ శాసనసభ రెవెన్యూ కోడ్‌ను సవరించి, ఆదివాసుల భూమిని ప్రభుత్వము నేరుగ కొనుటకు వీలు కల్పించినది. ఆదివాసి సంఘములు ఏకమై నిరసించగా మరుసటి నెలలోనే దానిని ఉపసంహరించుకొన్నది. అయితే 2022లో వెలువడిన పెసా నియమములలో భూసేకరణకు గ్రామసభ సమ్మతి కావలెనన్న చోట సంప్రదించిన చాలునన్నట్లు మాట మారినదని ఆ సంఘములే ఆక్షేపించినవి. సమ్మతికిని, సంప్రదింపునకును ఎంత దూరమో మన యూనియనులకు వేరుగ చెప్పవలెనా? బదిలీల విధానముపై మనలను ఎన్ని సార్లు సంప్రదింపలేదు!

ఇక మన ఇంటి సంగతి. కొత్తవలస నుండి కిరండుల్ వరకు పోవు రైలుమార్గము మనలో అనేకులకు అన్నము పెట్టినది. బైలదిలా ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చి జపానుకు పంపుటకై 1960ల దశకములో కొండలు తొలిచి ఆ మార్గము వేసినారు. అందులో చెమట, నెత్తురు కలిసిన కార్మికులు మనవారు. ఆ పనితనమునకు మేము నమస్కరింతుము. కాని అరవై ఏండ్లుగా ఆ పట్టాలపై క్రిందికి దిగినది రాయి. పైకి ఎక్కినది ఏమి? దంతెవాడ స్టేషనులో ప్రాసింజరు బండి కొరకు కూర్చున్న కోయ కుటుంబమును చూచిన గార్డు సోదరుడెవరైనను ఈ ప్రశ్న వేసికొనియే యుండును.

ఇపుడు కొత్తగూడెం నుండి కిరండుల్ వరకు, ఇంచుమించు 160 కిలోమీటర్ల కొత్త మార్గమునకు తుది సర్వే జరుగుచున్నట్లు 2025లో ప్రకటన వెలువడినది. అందులో అధిక భాగము సుక్మా, దంతెవాడ, బీజాపూర్ జిల్లాలలోనే యుండును. రైలు వచ్చిన మంచిదే. రోగిని మంచముపై మోసికొనిపోవు దారిలో రైలు కూత వినబడిన ఎవరు కాదందురు? మేము రైల్వేవారము, రైలు వద్దనుట మా నోట రాదు. అయితే ఈ చిన్న చట్టపు సంగతి మన సభ్యులలో చాలమందికి తెలియదు: షెడ్యూల్డు ప్రాంతములో భూమి తీసికొనుటకు ముందు గ్రామసభ సమ్మతి పొందవలెనని 2013 చట్టపు 41వ సెక్షను చెప్పుచున్నది గాని, ఆ చట్టపు నాలుగవ షెడ్యూలులో కొన్ని చట్టములకు మినహాయింపు నిచ్చినారు. వాటిలో 1989 నాటి రైల్వే చట్టము ఒకటి. పరిహారము, పునరావాసము వర్తించును, సమ్మతి ప్రక్రియ వర్తింపదు. అటవీ భూమి విషయములో సైతము, రోడ్లు, రైలుమార్గములు వంటి వరుస నిర్మాణములకు గ్రామసభ సమ్మతినుండి 2013 ఫిబ్రవరిలోనే కేంద్ర పర్యావరణ శాఖ సడలింపు నిచ్చినది. అనగా, తర్రెం వంటి ఊరి పొలిమేరను అడుగకుండ దాటుటకు చట్టము అనుమతించిన కొలది సంస్థలలో మన సంస్థ ఒకటి.

1974 సమ్మె నాళ్ళను మన పెద్దలు మరువలేదు. క్వార్టర్లనుండి కుటుంబములను సామానుతో సహా వీధిలోనికి నెట్టినపుడు, చట్టము ప్రకారమే చేసితిమని అధికారులు చెప్పినారు. చట్టము ప్రకారము జరిగినంత మాత్రమున వీధిలో నిలిచిన తల్లికి ఇల్లు దొరకలేదు. ఆ జ్ఞాపకము గలవారికి ఈ మినహాయింపు సంగతిని ఇంతకంటె వివరింపనక్కరలేదు.

కావున మేము కొన్ని ప్రతిపాదనలు తెచ్చినాము. మొదటిది, సర్వే రాళ్ళు పాతుటకు ముందే ఏ సర్వే నంబరు పోవునో, ఏ చెట్లు పోవునో ఊరూర గోండిలోను, తెలుగులోను చదివి వినిపింపవలెనని, మినహాయింపు ఉన్నను గ్రామసభ సమ్మతిని కోరవలెనని రైల్వే బోర్డునకు మన ఫెడరేషను వ్రాయవలెను. సాగుభూమిని తప్పించుకొను మార్గమున్నచో ఖర్చు హెచ్చినను అదే ఎన్నుకొనవలెను. ఒక వంపు వలన ఎన్ని కిలోమీటర్లు పెరుగునో, ఎంత వాలు మారునో లెక్క కట్టగల నిపుణులు మన ఇంజనీరింగు శాఖ సభ్యులలోనే యున్నారు. ఆ లెక్క వేసి బోర్డు ముందుంచుట మనకు తగిన పని.

రెండవది తపాలా సోదరులది. భూసేకరణ నోటీసు తపాలా ద్వారా వచ్చును. హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉండును. సంతకము పెట్టించుకొని చేతికిచ్చిన మన విధి తీరినది. వెనుకటి రోజులలో పోస్టుమాను ఉత్తరమును చదివి వినిపించి, జవాబు కూడ వ్రాసిపెట్టి వచ్చెడివాడు. గ్రామీణ డాక్ సేవక్ సోదరులు కోరినవారికి ఈ నోటీసులను చదివి చెప్పవలెనని, ఆక్షేపణ గడువు తేదీని ప్రత్యేకముగ గుర్తు చేయవలెనని మా కోరిక. ఇందుకై వారికి అదనపు పనిగంటల లెక్క కట్టవలెనని డిమాండు చేయుట మరువరాదు.

మూడవది కొంచెము చేదు. మన గృహనిర్మాణ సంఘములు ఇకపై కొనబోవు భూమి మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉన్నదో, నిన్నటి వరకు అక్కడ ఏమి పండెనో సర్వసభ్య సమావేశములో ముందుగ చెప్పవలెను. షెడ్యూల్డు ప్రాంతములో బినామీ పేర కొనుట ఎక్కడను జరుగరాదు. దీనిపై కొందరు సభ్యులు కోపింతురని తెలియును. మధ్యాహ్నమే ఒక మిత్రుడు మా కిల్లు వద్దా యని నిలదీసినాడు. ఇల్లు కావలెను. పట్టణము మధ్యన ఖాళీగ పడియున్న ప్రభుత్వ స్థలములలో ఉద్యోగులకు బహుళ అంతస్థుల ఇండ్లు కట్టవలెనని అడుగుట ఆ మిత్రునికి మా జవాబు. అది సులభముగ దొరకదు, పోరాడవలెను.

తీర్మానపు ముసాయిదా ప్రతులు ద్వారము వద్ద బల్లపై నున్నవి. తెలుగు ప్రతులు చాలినన్ని కలవు, హిందీవి కొద్దిగ తక్కువ పడినవి, ఇద్దరికొకటి చొప్పున తీసికొనగలరు. మూడవ అంశముపై సవరణలు తప్పక వచ్చునని మాకు తెలియును. వాటిని రాత్రి భోజనమునకు ముందు వ్రాసి ఇచ్చినచో రేపు ఉదయపు సమావేశములో చర్చకు పెట్టుదుము.